మూగజీవులకు సంపద ధారపోసిన దేవి అహల్యాబాయి

గయాక్షేత్రమునకు పోయి, ఫల్గునదీ తీరమున పితరులకు పిండప్రదానము చేసి, శ్రీ విష్ణుపాదమును దర్శించి వచ్చిన పుణ్యాత్ములు మన తెలుగునాట ఊరూర కలరు. అచట పురోహితుడు చెప్పించు మంత్రముల అర్థమును శ్రద్ధగా విన్నవారికి ఒక విశేషము తోచియుండును. తండ్రి, తాత, ముత్తాతలతోను, మాతృవర్గముతోను ఆ పిండములు ముగియవు. సంతానము లేక పోయినవారికి, పేరు తెలియనివారికి, మిత్రులకు, సేవకులకు, తుదకు పశుపక్షికీటాది జన్మలెత్తిన వారికి కూడ అచట పిండము కలదు. తలచువాడు లేని ప్రాణి యేదియు మిగిలిపోరాదనుటయే గయాశ్రాద్ధపు హృదయము.

ఆ విష్ణుపాదముపై నేడు మనము దర్శించు రాతి ఆలయమును 1787లో కట్టించినది హోల్కరు వంశపు రాణి, దేవి అహల్యాబాయి. తనకు పిండము పెట్టవలసిన ఏకైక పుత్రుడు గతించి అప్పటికి ఇరువది యేండ్లు. కొడుకు లేని తల్లి, లోకములోని కొడుకులందఱు నిలిచి పిండము పెట్టు చోటును కట్టించినది. అంతటితో తృప్తి చెందక, నోరులేని ప్రాణులను కూడ తన సంపదకు పాలివారిగా చేసినది. ఆమె కట్టించిన ఆలయముల కీర్తి జగద్విదితము. ఆమె సొత్తులో ఎద్దులకు, పక్షులకు, చేపలకు దక్కిన పాలు ఎట్టిదో ఎఱిగినవారు కొలదిమంది. ఆ సంగతిని భక్తులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

గొఱ్ఱెల కాపరుల కులమున

అహల్యాబాయి 1725వ సంవత్సరము మే 31వ తేదీన మహారాష్ట్ర దేశమున చోండీ యను చిన్న గ్రామమున జన్మించెను. ఆ గ్రామము ఒకప్పటి అహమదునగర జిల్లాలోనిది. ఆ జిల్లాకు నేడు ఆమె పేరే పెట్టి అహల్యానగర మనుచున్నారు. తండ్రి మాణకోజీ శిందే ఆ గ్రామపు పటేలు. వారు ధనగరులు, అనగా మన గొల్ల కురుమలవలె గొఱ్ఱెలను కాచుకొని జీవించు కులమువారు.

ఆమెకు మామయైన మల్హారరావు హోల్కరు కూడ ఆ కులమువాడే. బాల్యమున తండ్రి పోగా, ఖాందేశమున మేనమామ యింట పెరిగి, అతని గొఱ్ఱెలను మేపినవాడు. కఱ్ఱ పట్టిన ఆ చేయి పిదప కత్తి పట్టి, పీష్వా బాజీరావు సేనలో పైకి వచ్చి, మాళవదేశమున ఒక రాజ్యమునే స్థాపించెను. అతడు సేనతో పోవుచు చోండీ గ్రామమున విడిసినపుడు, దేవాలయమున ఈ బాలికను చూచి, ఆమె భక్తివినయములకు ముగ్ధుడై తన కుమారుడు ఖండేరావునకు చేసికొనెనని పెద్దలు చెప్పుదురు. వివాహము 1733లో జరిగెను.

పశువుల నడుమ పెరిగినవారికి ఒక విద్య తెలియకయే అబ్బును. మేక గాని, గొఱ్ఱె గాని తన బాధను మాటతో చెప్పలేదు. దాని కన్ను చూచి, నడక చూచి, కాపరియే గ్రహింపవలెను. అడుగని ప్రాణి అవసరమును గ్రహించుట కాపరి ధర్మము. రాజ్యము చేసిన కాలమున అహల్యాబాయి చేసిన పనులను చూచిన, ఈ కాపరి విద్య ఆమెను విడువలేదని తోచును.

దుఃఖపరంపర

ఆమెకు ఒక కుమారుడు మాలేరావు, ఒక కుమార్తె ముక్తాబాయి. 1754లో కుంభేరు కోట ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి ఖండేరావు మరణించెను. అహల్యాబాయి సహగమనమునకు సిద్ధపడెను. వృద్ధుడైన మల్హారరావు కన్నీటితో ప్రాధేయపడి, తనకు ఇక కొడుకైనను కోడలైనను ఆమెయే యని వారించెను. ఆమె ఆగెను. ఆనాటి నుండి రంగు వస్త్రము కట్టలేదు, ఆభరణములు విసర్జించెను. మామ ఆమెకు రాజ్యపు లెక్కలు, వ్యవహారములు, సైనిక సామగ్రి సమకూర్చు విధానము నేర్పెను.

1766లో మల్హారరావు గతించెను. గద్దె నెక్కిన మాలేరావు ఏడాది తిరుగక ముందే, 1767లో, వ్యాధితో పోయెను. ఇల్లు శూన్యమయ్యెను. వారసుడు లేని రాజ్యముపై పలువురి కన్నుపడెను. దివానుగా నున్న గంగాధర యశవంతుడు, ఏ శిశువునైనను దత్తు చేసికొని పెత్తనము తనకు విడువుమనెను. అందులకు పీష్వా పినతండ్రి రఘునాథరావును తోడు తెచ్చుకొనెను. ఆమె అంగీకరింపలేదు. సేనను సిద్ధపఱచి, ఇరుగుపొరుగు సర్దారుల సాయము కోరి, పీష్వా మాధవరావునకు విన్నపము పంపెను. ఆ పీష్వా న్యాయము ఆమె పక్షమున నున్నదని తీర్పు చెప్పెను. సైన్యమును తుకోజీరావు హోల్కరు చేతికి అప్పగించి, పరిపాలనమును తాను వహించి, నర్మదా తీరమున మహేశ్వరమును రాజధానిగా చేసికొని, 1795 వఱకు ఇరువదియెనిమిది సంవత్సరములు ఆమె రాజ్యము చేసెను.

తులసీదళముతో విడిచిన ధనము

హోల్కరుల సంపద రెండు విధములు. ఒకటి దౌలతు, అనగా రాజ్యధనము. రెండవది ఖాసగీ, అనగా రాణి సొంత ధనము. 1734లో పీష్వా మల్హారరావు భార్య గౌతమాబాయి పేర ప్రత్యేకముగా కొన్ని గ్రామముల ఆదాయమును ఇచ్చెను. అదియే ఖాసగీకి మూలము. అత్తగారి యనంతరము అది అహల్యాబాయికి వచ్చెను.

ఆ ధనమును అనుభవించుటకు భర్త లేడు, కొడుకు లేడు. అట్టి స్థితిలో సామాన్యులు రెండు దారులు త్రొక్కుదురు. కొందఱు ఇక ఎవరి కొఱకని దానిని పాడుపెట్టుదురు. కొందఱు భయముచే గట్టిగా పట్టుకొని, పట్టుకొనియే పోవుదురు, పిదప దాయాదులు కలహింతురు. అహల్యాబాయి మూడవ దారి త్రొక్కెను. శాస్త్రోక్తముగా సంకల్పము చెప్పి, ఆ నిధిని ధర్మకార్యములకు ధారపోసెను. జలముతోను తులసీదళముతోను విడిచిన ద్రవ్యము మరల తనది కాదు. ఆనాటి నుండి ఆమె ఆ ధనమునకు యజమానురాలు కాదు, కాపరి.

ఇందుకు సంబంధించి ఒక కథ చెప్పుకొందురు. రఘునాథరావు ఒకమారు సేనావ్యయమునకై ఆ నిధిలోని ధనమును కోరెనట. అది ధర్మమునకు ధారపోసినది కావున ఇచ్చుటకు తనకు అధికారము లేదనియు, వారు బ్రాహ్మణులు గనుక దానముగా పట్టుదురేని మంత్రపూర్వకముగా జలము విడిచి ఇత్తుననియు ఆమె సమాధానము పంపెనట. వీరుడనని తలచువానికి ఆ మాట ఎంతటి కట్టడియో వేఱుగా చెప్పనక్కఱలేదు. అతడు దానము పట్టలేదు, ధనము దక్కలేదు.

ఆ నిధి నుండియే కాశీలో విశ్వనాథుని ఆలయము 1780లో మరల వెలసెను. సోమనాథమున ఆలయము, గయలో విష్ణుపాద మందిరము, మహేశ్వరమున నర్మదా ఘట్టములు కట్టబడెను. ద్వారక, పూరీ, కేదారము, రామేశ్వరములలో యాత్రికులకు వసతులు ఏర్పడెను. శైవమని, వైష్ణవమని ఆమె భేదము పాటింపలేదు. స్వయముగా శివపూజాపరాయణురాలైనను విష్ణుక్షేత్రములకు ఆమె చేసిన సేవకు మనము ఋణపడియున్నాము.

ఎద్దులు, పక్షులు, చేపలు

ఆమె మరణించిన ఇరువదిమూడేండ్లకు, 1818లో, మాళవదేశమునకు అధికారిగా వచ్చిన ఆంగ్లేయుడు సర్ జాన్ మాల్కమ్ ఆమె చరిత్రమును విచారించెను. ఆమె వద్ద పనిచేసినవారిని, ఆమెను ఎఱిగినవారిని అడిగి తెలిసికొనిన సంగతులను 1823లో ప్రకటించిన తన మధ్యభారత వృత్తాంతములో వ్రాసెను. పరజాతివాడు, పరమతస్థుడు, పొగడవలసిన అక్కఱ లేనివాడు వ్రాసిన దగుటచే ఆ సాక్ష్యమునకు విలువ యెక్కువ.

ఆ వృత్తాంతమునుబట్టి ఆమె దినచర్య ఇట్టిది. సూర్యోదయమునకు ఒక గంట ముందు లేచి స్నానసంధ్యలు, పూజ, పురాణశ్రవణము, దానములు, బ్రాహ్మణభోజనము. పిదప తన భోజనము. ఆమె కులాచారమున మాంసాహారము నిషిద్ధము కాదు. అయినను ఆమె దానిని విడిచి శాకాహారమే భుజించెను. అపరాహ్ణము నుండి సాయంకాలము వఱకు కొలువు, రాత్రి పూజానంతరము మరల రాచకార్యములు. వేసవిలో బాటల యందు చలివేందరలు, చలికాలమున దీనులకు వస్త్రములు.

ఈ చలివేందరలు మనుష్యులతో ఆగలేదు. మహేశ్వర ప్రాంతమున ఎండాకాలమున పొలము దున్ను రైతు ఒక వింత చూచుచుండెడివాడు. అహల్యాబాయి సేవకుడు నీరు మోసికొని వచ్చి, నాగలి ఆపించి, కాడిక్రింది ఎద్దులకు నీరు త్రాపి పోవును. బాటసారి దప్పిగొన్న యెడల చలివేందరకు నడచి వచ్చును, దోసిలి పట్టును. కాడి కట్టిన యెద్దు ఎచ్చటికి పోగలదు? ఎవరిని అడుగగలదు? కావున నీరే దాని యొద్దకు నడచి పోవలెనని ఆమె ఏర్పఱచెను. ఇందు రైతునకు నష్టము లేదు, నింద లేదు. ఎద్దునకు మాత్రము ఊపిరి కలిగెను.

పక్షుల విషయమున ఆమె చేసిన ఏర్పాటు ఇంకను ఆలోచింపదగినది. పంట కంకి పట్టినపుడు పక్షులు గుంపులుగా వ్రాలును. రైతు మంచె యెక్కి వడిసెల త్రిప్పి వానిని తోలును. దయగల రాణి యగుటచే, పక్షులను తోలరాదని ఆమె శాసింపవచ్చును గదా! అట్లు చేయలేదు. రైతు పక్షులను తోలుట న్యాయమే, ఆ గింజలే అతని బిడ్డలకు ఆధారము, అని ఆమె యనుచుండెడిదట. మఱి పక్షుల గతి యేమి? ఆమె కొన్ని పొలములను వెలయిచ్చి కొని, వానిని పక్షులకు విడిచెను. పొరుగు చేలలో తోలబడిన పక్షులన్నియు ఆ పొలములపై వ్రాలి తినుచుండెడివి. పరుల సొత్తుతో దయ చూపుట సులభము. తన సొమ్ము వెచ్చించి, పరులకు కష్టము కలుగకుండ చూపిన దయయే ధర్మము. నర్మదలోని చేపలకు కూడ ఆమె ఆహారపు పాలు కేటాయించియుండెను.

ఇండోరు నగరమున ఒక జనశ్రుతి కలదు. మాలేరావు రథము క్రింద లేగ పడి చనిపోగా, తల్లియావు బాటలో నిలిచెననియు, అహల్యాబాయి కొడుకును ఆ రథము క్రిందనే పడవేయింప నుద్యుక్తురాలు కాగా, ఆవే అడ్డము వచ్చెననియు చెప్పుదురు. ఇట్టి కథయే తిరువారూరున మనునీతి చోళుని గూర్చియు కలదు. జనులు న్యాయమూర్తిని తలచునపుడు ఇట్టి కథలు పుట్టుట సహజము. చరిత్రకు దీనితో పని లేదు. వేసవి మధ్యాహ్నమున కాడిక్రింది ఎద్దుకు చేరిన నీటిముంత ఆ కథకంటె చిన్నదిగా కనుపించును గాని, అది జరిగినది, దినదినము జరిగినది.

వారసులు లేని సొత్తు

ఆ కాలమున సంతానము లేక మరణించిన ధనికుని సొత్తును రాజులు స్వాధీనము చేసికొనుట వాడుక. అహల్యాబాయి దానిని అంగీకరింపలేదు. దత్తత కొఱకు పెద్ద నజరానా అడిగిన యొక అధికారిని తొలగించి, ఆ వితంతువునకు దత్తతను స్థిరపఱచి, దత్తు వచ్చిన బాలుని ఒడిలో కూర్చుండబెట్టుకొని వస్త్రాభరణములిచ్చి పంపెను.

ఖర్గోనులో ఇద్దఱు వర్తక సోదరుల వితంతువులు సంతానము లేక, తమ సంపదనంతయు ఆమెకే సమర్పింప వచ్చిరి. ఆమె పుచ్చుకొనలేదు. ఆ ధనమును జనులకు ఉపకరించు ధర్మకార్యములకు వారినే స్వహస్తములతో వినియోగింపుమని సలహా చెప్పెను. వారు అట్లే చేసిరి. తాను త్రొక్కిన దారినే వారికిని చూపెను. ఇచట గమనింపదగిన దేమనగా, ఆమె వారి ధనమును తన ధర్మములలో కలుపుకొని కీర్తి పొందవచ్చును. అట్లు చేయలేదు. ఒక పండితుడు తన్ను పొగడి వ్రాసిన గ్రంథమును నర్మదలో వేయించిన రాణి కీర్తికి ఏల ఆశపడును?

తుది దినములు

దైవము ఆమెను తుదివఱకు పరీక్షించెను. కుమార్తె కొడుకు యౌవనముననే మరణించెను. ఏడాది గడచిన పిమ్మట, 1791లో, అల్లుడు యశవంతరావు ఫణసే గతించెను. ముక్తాబాయి సహగమనమునకు పూనుకొనెను. తల్లి బిడ్డ పాదములపై పడి బ్రతిమాలెను. బిడ్డ వినలేదు. చితి వఱకు నడచి పోయి, ఆ దృశ్యమును కన్నులార చూచి, ఆ ముసలితల్లి మూడు దినములు అన్నము ముట్టలేదని, మాట పలుకలేదని తెలియుచున్నది. అనంతరము లేచి మరల కొలువునకు వచ్చెను. బాటలలో చలివేందరలు మానలేదు. ఎద్దులకు నీరు మానలేదు. 1795 ఆగస్టు 13న, తన డెబ్బదవ యేట, మహేశ్వరమున ఆమె దేహము చాలించెను.

ఆమె ఏర్పఱచిన ఖాసగీ ధర్మములు ఆమెతో అంతరింపలేదు. హోల్కరు రాజ్యము 1948లో విలీనమైన పిదప, 1962లో ఆ ధర్మముల పరిరక్షణకు ఆమె పేర ఒక ట్రస్టు ఏర్పడెను. తరువాతి కాలమున ఆస్తుల విషయమై వివాదము పుట్టగా, అది ప్రజాధర్మ సంస్థయే యనియు, చట్టము ననుసరించి నమోదు కావలసినదే యనియు 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తులసీదళముతో విడిచి రెండు శతాబ్దములు దాటినను, ఆ ద్రవ్యము ఎవరిదను ప్రశ్న కోర్టు వఱకు పోయినదనగా, దాత సంకల్పము ఎంత దృఢమైనను, దానికి కాపరి యుండి తీరవలెనని తెలియుచున్నది.

మన యింటి మాట

పురాణము చెప్పు చోట్ల వృద్ధ దంపతులు ఈ వ్యాసకర్తను తఱచు ఒక ప్రశ్న అడుగుచుందురు. పిల్లలు దూరదేశములలో నున్నారు, లేదా పిల్లలే లేరు. ఉన్నదానిని ఏమి చేయవలెను? ఆలయమునకు, అన్నదానమునకు వ్రాయుట వారికి తెలియును. గోశాలకు, పక్షులకు, వీధిలోని మూగజీవులకు కూడ వ్రాయవచ్చునా, అది పరలోకమునకు పనికివచ్చునా యని సందేహము.

గృహస్థునకు విధించిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. కాకికి, కుక్కకు, చీమకు బలి యుంచనిదే గృహస్థుడు భుజింపరాదు. గోగ్రాసము, కాకబలి మన శ్రాద్ధములందు నేటికిని కలవు. కనుమనాడు పశువులకు పసుపు కుంకుమ పెట్టుదుము. గోదావరి తీర గ్రామములలో పిచ్చుకల కొఱకు వరికంకుల కుచ్చులు చూరులకు, ఆలయ మండపములకు కట్టుదురు. శ్రీరామచంద్రుడు జటాయువునకు పుత్రునివలె దహనసంస్కారము చేసెను. శ్రీమహావిష్ణువు ఏనుగు మొర విని పరుగున వచ్చెను. రంతిదేవుడు ఆకలిగొన్న అతిథితో పాటు అతని కుక్కలకును తన అన్నము పెట్టెను. కావున సందేహమునకు తావు లేదు.

అయితే భూతయజ్ఞము చేయు చేయి ఆగిన దినమున కాకికి మెతుకు ఆగిపోవును. అది కొనసాగవలెనన్న ఆధారము వలయును. మన పూర్వులు ఈ కిటుకు ఎఱిగినవారు. ద్రాక్షారామాది క్షేత్రముల శాసనములు చూడుడు. అఖండదీపమునకై గోవులను, గొఱ్ఱెలను కాపరులకు అప్పగించి, వారు వంశపారంపర్యముగా నేయి పోయవలెనని ఱాతిపై చెక్కించిరి. మూలము తరుగక ఫలము సాగునట్టి ఏర్పాటు అది. అచట పశువులు దీపమును నిలిపినవి. అహల్యాబాయి అదే పద్ధతిని త్రిప్పి, దీపము వంటి తన సంపదతో పశువులను నిలిపినది.

కావున మరణశాసనము వ్రాయదలచినవారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనుట మేలు. మొదటిది, కుటుంబమునకు విరోధము లేనంతవఱకే దానమని ధర్మశాస్త్రము. భార్యకు, ఆధారపడినవారికి లోటు చేసి గోశాలకు ఇచ్చినది దానము కాదు. రైతు గింజను పక్షికి ధారపోయని రాణి నీతి ఇదియే. రెండవది, పశువు పేర ఆస్తి వ్రాయుటకు చట్టమున వీలులేదు. సంస్థకు గాని, నమ్మకమైన వ్యక్తికి గాని ఇచ్చి, దేని కొఱకు ఇచ్చుచున్నారో స్పష్టముగా వ్రాయవలెను. సంస్థ పేరు నమోదైన రీతిగనే వ్రాయవలెను. మూడవది, వీలునామా వ్రాతపూర్వకముగా నుండి, వ్రాసినవారి సంతకముతో పాటు కనీసము ఇద్దఱు సాక్షుల సంతకములు కలిగియుండవలెను. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదు గాని, చేయించిన పిదప వివాదములు తగ్గును. నాల్గవది, ఇంటనే యున్న ముసలి యావు, ఎద్దు, కుక్క మాట మఱవరాదు. యజమాని పోయిన మఱునాడు వాని గతి యేమగునో ముందే నిర్ణయింపవలెను. పాలివ్వని యావును అమ్మివేయుట వారసులకు చిటికెలో పని. దాని మేతకు ఇంత యని, దానిని చూడవలసినవారు వీరని ఒక్క పంక్తి వ్రాసిన, ఆ ప్రాణి నిలుచును.

అన్నిటికంటె ముఖ్యము, బ్రతికియున్నపుడు స్వహస్తముతో కొంతయైన ఇచ్చి చూచుకొనుట. అహల్యాబాయి తన నిధిని మరణసమయమున కాక, జీవించియుండగనే ధారపోసి, ఇరువదియెనిమిదేండ్లు దానిని తానే కాచినది.

మనుష్యునకు ఇచ్చినది అతడు పొగడును, లేదా మఱచును. పశువు పొగడదు, మన పేరైన దానికి తెలియదు. తెలియని దానికి ఇచ్చినదే సర్వాంతర్యామికి నేరుగా చేరును. మీరు గయకు పోయినపుడు విష్ణుపాదమున పిండముంచి, పశుపక్ష్యాదులకు చెప్పు మంత్రము వచ్చిన వేళ, ఆ రాతి కప్పును ఒక్కమారు తలయెత్తి చూడుడు. దానిని కట్టించిన తల్లిని తలచుకొనుడు. ఇంటికి వచ్చిన పిదప, మీ వీలునామాలో ఆ మంత్రమునకు చోటున్నదో లేదో చూచుకొనుడు. శ్రీనివాసుడు సర్వభూతములను, వానిని కాచు చేతులను రక్షించుగాక!